కానబాల్ట్

కానబాల్ట్ 2009వ సంవత్సరంలో అంతర్జాలంలో విడుదలైన ఒక వీడియో ఆట. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరానికి చెందిన ఆడం సాల్ట్స్‌మన్ దీనిని రూపొందించాడు. సంగీతాన్ని డానీ బారనోవ్‌స్కీ సమకూర్చాడు. ఈ ఆటలో ఆటగాడు చేయగలిగిన పని ఒక్కటే: గెంతడం. అందుకు వాడే మీట కూడా ఒక్కటే. తెరపై కనిపించే మనిషి తనంతట తానే పరుగెత్తుతూ ఉంటాడు. ఆపడానికి గాని, వెనుదిరగడానికి గాని వీలు లేదు. ఆటకు ముగింపు కూడా లేదు. ఆ మనిషి ఎక్కడో ఒకచోట పడిపోయేవరకు ఆట సాగుతుంది.

"అంతులేని పరుగు ఆటలు" అని పిలువబడే వర్గం మొబైలు ఫోనులలో విస్తరించడానికి కానబాల్ట్ ముఖ్య కారణాలలో ఒకటిగా పరిగణించబడుతున్నది. 2012లో న్యూయార్క్ నగరంలోని ఆధునిక కళా సంగ్రహాలయం తన శాశ్వత సేకరణలో చేర్చుకున్న మొదటి 14 వీడియో ఆటలలో ఇది ఒకటి.

క్లుప్తంగా

రూపకర్త: ఆడం సాల్ట్స్‌మన్
సంగీతం: డానీ బారనోవ్‌స్కీ
మొదటి విడుదల: 2009 (అడోబీ ఫ్లాష్, వెబ్ బ్రౌజరులో)
వర్గం: అంతులేని పరుగు ఆట
ఆటగాళ్ళు: ఒకరు
నియంత్రణ: ఒక మీట, లేదా తెరపై ఒక్క తాకిడి

పేరు

కానబాల్ట్ అనే పదం ఏ నిఘంటువులోనూ లేదు. ఫిరంగి గుండు అని అర్థమిచ్చే "కానన్‌బాల్", రాళ్ళు విసిరే యుద్ధయంత్రమైన "కాటపల్ట్" అనే రెండు ఆంగ్ల పదాలను కలిపి సాల్ట్స్‌మన్ బంధువర్గంలోని ఒక చిన్న పిల్లవాడు పలికిన మాట ఇది. దానినే ఆటకు పేరుగా పెట్టారు. ఆటలోని కథకు ఈ పేరుతో నేరుగా సంబంధం లేకపోయినా, ఎవరో విసిరినట్లుగా దూసుకుపోయే కథానాయకుని వేగానికి అది సరిపోయింది.

నేపథ్యం

2005లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని నలుగురు విద్యార్థులు "ఎక్స్‌పెరిమెంటల్ గేమ్‌ప్లే ప్రాజెక్ట్" అనే ప్రయోగాన్ని ప్రారంభించారు. దాని నియమాలు మూడు. ప్రతి ఆటను ఏడు రోజులలోపు పూర్తి చేయాలి. ప్రతి ఆటను ఒక్కరే తయారుచేయాలి. అందరూ ఒకే ఇతివృత్తాన్ని తీసుకోవాలి. పెద్ద సంస్థలలో వందలాది మంది సంవత్సరాల తరబడి పనిచేసి ఒక ఆటను తయారుచేసే రోజులలో, ఒక్క ఆలోచనను వెంటనే పరీక్షించి చూడడం ఈ పద్ధతి ఉద్దేశం. ఆ విద్యార్థులు ఒక్క విద్యాకాలంలో 50కి పైగా చిన్న ఆటలను తయారుచేశారు. తరువాత ప్రసిద్ధి చెందిన "వరల్డ్ ఆఫ్ గూ" (2008) అనే ఆటకు మూలం ఆ చిన్న ఆటలలో ఒకటే.

2009లో ఈ ప్రయోగం నెలకొక ఇతివృత్తంతో, ఎవరైనా పాల్గొనే విధంగా మళ్ళీ మొదలైంది. ఆ సంవత్సరం ఆగస్టు నెల ఇతివృత్తం "అత్యల్పం", అనగా ఆటగా నిలబడడానికి కావలసిన కనీస సామగ్రి మాత్రమే ఉండాలన్నది. కానబాల్ట్ ఈ ఇతివృత్తానికి సాల్ట్స్‌మన్ ఇచ్చిన సమాధానం. నియంత్రణలను ఒక్క మీటకు, రంగులను కొద్దిపాటి బూడిద ఛాయలకు, కథను ఒక్క పరుగుకు తగ్గించాడు. దేనిని తగ్గించలేదో కూడా గమనించదగినది. వేగం, శబ్దం, దృశ్యంలోని కదలిక, వీటిని మాత్రం పూర్తిస్థాయిలో ఉంచాడు.

ఆటను నిర్మించడానికి అతడు స్వయంగా వ్రాసుకున్న "ఫ్లిక్సెల్" అనే ఉపకరణ సముదాయాన్ని ఉపయోగించాడు. ఇది ఫ్లాష్ వేదికపై రెండు పరిమాణాల ఆటలను త్వరగా తయారుచేయడానికి వీలు కల్పించే ప్రోగ్రాముల గుచ్ఛం. దీనిని సాల్ట్స్‌మన్ అందరికీ ఉచితంగా, మూలసంకేతంతో సహా అందించాడు. ఎందరో ఔత్సాహికులు తమ మొదటి ఆటలను దీనితోనే తయారుచేశారు. దాని వారసునిగా "హాక్స్‌ఫ్లిక్సెల్" అనే సముదాయాన్ని స్వచ్ఛంద ప్రోగ్రామర్లు తరువాత అభివృద్ధి చేశారు.

ఆట తీరు

నల్లని దుస్తులు ధరించిన ఒక మనిషి ఎత్తైన భవనంలోని నడవలో పరుగు మొదలుపెడతాడు. నడవ చివరనున్న కిటికీ అద్దాన్ని పగలగొట్టుకొని పక్క భవనం కప్పు మీదికి దూకుతాడు. అక్కడినుండి ఒక కప్పు మీదినుండి మరొక కప్పు మీదికి గెంతుతూ పోవాలి. మీటను తేలికగా నొక్కి వదిలితే చిన్న గెంతు, ఎక్కువసేపు నొక్కిపట్టితే ఎత్తైన గెంతు. మీట ఒక్కటే అయినా ఆటగాడు రెండు నిర్ణయాలు చేయాలి: ఎప్పుడు నొక్కాలి, ఎంతసేపు నొక్కాలి.

దారిలో ఎదురయ్యేవి ఇవి:

ఖాళీలు: భవనాల మధ్య అగాధాలు. గెంతు చాలకపోతే లోతులో పడిపోవడమో, ఎదుటి గోడకు గుద్దుకోవడమో జరుగుతుంది.

పెట్టెలు: కప్పుల మీద అక్కడక్కడా ఉంటాయి. తగిలితే ప్రాణం పోదు గాని వేగం తగ్గుతుంది.

కిటికీలు: కొన్ని భవనాల కప్పు అందనంత ఎత్తులో ఉంటుంది. కిటికీ గుండానే లోపలికి దూకాలి. గెంతు ఎక్కువైనా తక్కువైనా గోడకు తగులుతుంది.

కూలే భవనాలు: కాలు మోపగానే కుంగడం మొదలుపెడతాయి. అవతలి కప్పు అందనంత కిందికి కుంగిపోకముందే గెంతాలి.

పైనుండి పడే బాంబులు: కప్పు మీద పడి అడ్డంగా నిలుస్తాయి. వీటికి తగిలితే ఆట ముగుస్తుంది.

వీటితోపాటు క్రేనులు, ప్రకటనల పలకలు కూడా పరుగెత్తే నేలగా ఎదురవుతాయి. కప్పుల మీద వాలిన పావురాలు మనిషి దగ్గరకు రాగానే ఒక్కసారిగా ఎగిరిపోతాయి. వాటివలన ఆటగాడికి లాభం గాని నష్టం గాని లేదు. వేగాన్ని అనుభవంలోకి తేవడానికే అవి ఉన్నవి.

ఆట ముగియగానే ఎన్ని మీటర్లు పరుగెత్తినదీ, ఏ విధంగా మరణించినదీ ఒక్క వాక్యంలో తెర మీద కనిపిస్తుంది. మీట మళ్ళీ నొక్కితే కొత్త పరుగు మొదలవుతుంది. స్థాయిలు లేవు, ఆయుధాలు లేవు, చదవవలసిన సూచనలు దాదాపు లేవు. అందువలన ఆంగ్లం చదవడం రానివారు కూడా ఒకటి రెండు ప్రయత్నాలలోనే ఆటను గ్రహించగలరు.

కథ

ఆ మనిషి ఎవరో, ఎందుకు పరుగెత్తుతున్నాడో ఆట ఎక్కడా చెప్పదు. దూరంగా పొగ కమ్మిన నగరం, దానిలో నడిచే భారీ యంత్రాకారాలు కనిపిస్తాయి. బాంబులు పడుతుంటాయి, భవనాలు కూలుతుంటాయి. నగరం మీద ఏదో దాడి జరుగుతున్నదని ఆటగాడే ఊహించుకోవాలి. ఒక్క మాట కూడా వ్రాయకుండా నేపథ్య చిత్రం ద్వారానే కథను సూచించడం ఈ ఆటలోని పొదుపుకు మంచి ఉదాహరణ.

వేగం - కాలం లెక్క

కానబాల్ట్ కష్టమంతా ఒక్క రాశి మీద ఆధారపడి ఉంది, అది వేగం. మనిషి పరుగెత్తినకొద్దీ వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ఒకదానికొకటి విరుద్ధమైన రెండు ఫలితాలు కలుగుతాయి.

మొదటిది, గెంతు పొడవు పెరుగుతుంది. గాలిలో ఉండే కాలం మీటను ఎంతసేపు నొక్కినదానిపై, గురుత్వాకర్షణపై ఆధారపడుతుంది. ఉదాహరణకు గాలిలో ఉండే కాలం 1 సెకను అనుకుందాం. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే మనిషి 10 మీటర్ల ఖాళీని దాటగలడు. వేగం 20 మీటర్లయితే అదే గెంతుతో 20 మీటర్లు దాటగలడు.

రెండవది, ఆలోచించే సమయం తగ్గుతుంది. తెర మీద ముందు 30 మీటర్ల దారి కనిపిస్తున్నదనుకుందాం. సెకనుకు 10 మీటర్ల వేగంలో అడ్డంకి కనిపించిన తరువాత 3 సెకన్ల వ్యవధి ఉంటుంది. 20 మీటర్ల వేగంలో అది 1.5 సెకన్లే. (ఈ అంకెలు వివరణ కొరకు తీసుకున్నవి, ఆటలోని కొలతలు కావు.)

కనుక వేగం ఆటగాడికి వరమూ, శాపమూ కూడా. ఇక్కడే పెట్టెల ప్రాముఖ్యం తెలుస్తుంది. అవి మొదట అడ్డంకులుగా కనిపిస్తాయి. అనుభవం కలిగిన ఆటగాడు మాత్రం వేగం చేయి దాటిపోతున్నప్పుడు కావాలనే పెట్టెకు తగిలి కొంత నెమ్మదిస్తాడు. అయితే మరీ నెమ్మదిస్తే తరువాతి గెంతు కష్టమవుతుంది. వేగాన్ని తగ్గించడానికి వేరే మీట పెట్టకుండా, దారిలోని వస్తువుకే ఆ పనిని అప్పగించడం వలన నియంత్రణ ఒక్కటిగానే మిగిలింది, ఆటగాడి ఎంపికలు మాత్రం పెరిగాయి.

తెర ఆకారం కూడా ఈ లెక్కతో ముడిపడినదే. ఫ్లాష్ రూపంలో ఆట తెర ఎత్తు తక్కువగా, వెడల్పు బాగా ఎక్కువగా ఉండే పట్టీవలె ఉంటుంది. మనిషి ఎడమ అంచుకు దగ్గరగా ఉంటాడు. దీనివలన రాబోయే దారి వీలైనంత ఎక్కువగా కనిపిస్తుంది.

యాదృచ్ఛిక నిర్మాణం

భవనాల వరుస ముందుగా గీసిపెట్టినది కాదు. ఆట నడుస్తుండగానే ప్రోగ్రాము ప్రతి భవనం పొడవును, ఎత్తును, మధ్య ఖాళీని యాదృచ్ఛికంగా నిర్ణయిస్తుంది. అందువలన దారిని కంఠస్థం చేయడం సాధ్యం కాదు. అయితే పూర్తి యాదృచ్ఛికత ఆటను పాడుచేయగలదు. దాటరాని ఖాళీ ఒక్కటి ఎదురైనా ఆటగాడికి అన్యాయం జరిగినట్లే. అందుకని తరువాతి ఖాళీని నిర్ణయించేటప్పుడు ప్రోగ్రాము మనిషి యొక్క అప్పటి వేగాన్ని లెక్కలోకి తీసుకొంటుంది. వేగం పెరిగినకొద్దీ ఖాళీలు కూడా పెరుగుతాయి.

ఒక్క మనిషి వారం రోజుల లోపల ఇటువంటి ఆటను పూర్తి చేయగలగడానికి ఈ పద్ధతే ప్రధాన కారణం. స్థాయిలను ఒక్కొక్కటిగా గీయవలసిన శ్రమ తప్పింది. దానికి బదులుగా సంఖ్యల హద్దులను సరిచూడడంలో శ్రమ పెట్టవలసి వచ్చింది. ఈ సర్దుబాట్ల గురించి సాల్ట్స్‌మన్ తరువాత వివరంగా వ్రాశాడు.

చిత్రాలు, సంగీతం

ఆట చిత్రాలన్నీ బూడిద రంగులోని కొద్దిపాటి ఛాయలతో, పెద్ద చుక్కలుగా కనిపించే పాత కంప్యూటరు ఆటల శైలిలో ఉంటాయి. దగ్గరి వస్తువులు ముదురుగా, దూరపువి లేతగా ఉండడం వలన కాలు మోపదగిన నేల ఏదో క్షణంలో తెలుస్తుంది. దగ్గరి పొరలు వేగంగా, దూరపు పొరలు నెమ్మదిగా కదలడం వలన లోతు భ్రమ కలుగుతుంది. రైలు కిటికీలోనుండి చూసినప్పుడు పక్కనున్న స్తంభాలు వేగంగా, దూరపు కొండలు నెమ్మదిగా వెనుకకు పోయినట్లు తోచడానికి కారణం కూడా ఇదే.

డానీ బారనోవ్‌స్కీ సమకూర్చిన సంగీతం పరుగు వేగానికి తగినట్లు ఉద్వేగభరితంగా సాగుతుంది. ఇతడు తరువాత "సూపర్ మీట్ బాయ్" (2010), "ది బైండింగ్ ఆఫ్ ఐజాక్" (2011) వంటి స్వతంత్ర ఆటలకు సంగీతం అందించి ప్రసిద్ధుడయ్యాడు.

ఇతర రూపాలు

2009 అక్టోబరులో సాల్ట్స్‌మన్, అతని భాగస్వామి ఎరిక్ జాన్సన్‌ల సంస్థ "సెమీ సీక్రెట్ సాఫ్ట్‌వేర్" ఈ ఆటను ఐఫోనులో విడుదల చేసింది. వెల 2.99 డాలర్లు. అంతర్జాలంలో ఉచితంగా దొరికే ఆటకు వెల పెట్టడం ఆనాడు చర్చకు దారితీసింది. అయినప్పటికీ తాకుతెర ఈ ఆటకు బాగా కుదిరింది. మీటలే లేని ఫోనులో అనేక ఆటలు తెర మీద కృత్రిమ మీటలను గీసి ఇబ్బంది పడుతున్న సమయంలో, తెరలో ఎక్కడ తాకినా సరిపోయే ఆటకు ఆ ఇబ్బంది రాలేదు. పరుగెత్తిన దూరాన్ని, మరణించిన తీరును ట్విట్టర్‌లో స్నేహితులకు తెలియజేసే సౌకర్యం కూడా దీనిలో ఉండేది.

2010 చివరలో ఐఫోను రూపం యొక్క మూలసంకేతాన్ని సంస్థ బహిరంగపరచింది. చిత్రాలపైన, ఆట పేరుపైన హక్కులను మాత్రం తనవద్దనే ఉంచుకుంది. 2012లో ఆండ్రాయిడ్ రూపం వచ్చింది.

కమొడోర్ 64 కంప్యూటరు కొరకు చేసిన రూపం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1982 నాటి ఈ యంత్రానికి 16 కిలోబైట్ల పరిమితిలో ఆటలు వ్రాసే పోటీ కొరకు పాల్ కోలర్ దీనిని తయారుచేశాడు. తరువాత ఇది నిజమైన కార్ట్రిడ్జి రూపంలో కూడా అమ్మబడింది. నేటి ఒక సాధారణ ఫోను ఛాయాచిత్రం దీనికి వంద రెట్లకు పైగా చోటు తీసుకుంటుంది. ఆటలోని అసలు సారం ఎంత చిన్నదో దీనివలన తెలుస్తుంది.

పూర్వరంగం, ప్రభావం

ఆగకుండా సాగే నేల మీద అడ్డంకులను గెంతి దాటడం కానబాల్ట్‌తో పుట్టిన ఆలోచన కాదు. "మూన్ పెట్రోల్" (1982), "బి.సి.స్ క్వెస్ట్ ఫర్ టైర్స్" (1983) వంటి ఆటలలో అటువంటి లక్షణాలు ఉన్నవి. సాల్ట్స్‌మన్ స్వయంగా అంతకుముందు "గ్రావిటీ హుక్" అనే ఆటను తయారుచేశాడు. కానబాల్ట్ చేసిన పని మిగిలిన అంశాలన్నిటినీ తీసివేసి, పరుగు-గెంతు అనే జతను మాత్రమే పూర్తి ఆటగా నిలబెట్టడం.

దీని తరువాత "రోబోట్ యూనికార్న్ అటాక్" (2010), "టెంపుల్ రన్" (2011), "జెట్‌ప్యాక్ జాయ్‌రైడ్" (2011), "సబ్‌వే సర్ఫర్స్" (2012) మొదలైనవి వరుసగా వచ్చాయి. సబ్‌వే సర్ఫర్స్ 2018లో గూగుల్ ప్లే ద్వారా 100 కోట్ల దిగుమతులను చేరుకున్న మొదటి ఆటగా నిలిచింది. 2014నుండి క్రోమ్ బ్రౌజరులో అంతర్జాల సంధానం లేనప్పుడు కనిపించే డైనోసారు ఆట కూడా ఇదే వర్గానికి చెందినది. మారియో ఆటలకు పేరుపొందిన నింటెండో సంస్థ సైతం 2016లో "సూపర్ మారియో రన్" అనే ఒక్క తాకిడి ఆటను ఫోనుల కొరకు విడుదల చేసింది.

ఒక్క మీట, ఇద్దరు రూపకర్తలు

సరళమైన ఆటలు విస్తరించినకొద్దీ వాటితోపాటు ఒక నైతిక ప్రశ్న కూడా తలెత్తింది. త్వరగా ఓడిపోయి వెంటనే మళ్ళీ మొదలుపెట్టే ఆట మనిషిని సులభంగా కట్టిపడేస్తుంది. ఆ లక్షణాన్ని ఆదాయంగా మార్చుకోవడం కూడా సులభమే. టెంపుల్ రన్ మొదట వెలతో విడుదలై, కొన్ని వారాలకే ఉచితంగా మారి, ఆటలోపలి అమ్మకాలపై ఆధారపడింది. ఆ తరువాత వచ్చిన అనేక పరుగు ఆటలు ఇదే మార్గాన్ని అనుసరించాయి. పడిపోయిన తరువాత పరుగును కొనసాగించడానికి నాణేలు కొనవలసిన పద్ధతి సాధారణమైపోయింది.

సాల్ట్స్‌మన్ ఈ మార్పును సమర్థించలేదు. ఆటగాని సమయాన్ని, ధనాన్ని రాబట్టడానికే కృత్రిమమైన అడ్డంకులను కల్పించడాన్ని ఖండిస్తూ 2011లో ఒక వ్యాసం ప్రచురించాడు. కానబాల్ట్‌లో పరుగు మధ్య కొనదగిన వస్తువేదీ లేదు. అందులో దూరం పెరగడానికి ఆటగాని నేర్పు, కొంత అదృష్టం తప్ప మరొక దారి లేదు.

వియత్నాం దేశానికి చెందిన డాంగ్ న్వెన్ ఉదంతం దీనికి పక్కన పెట్టి చూడదగినది. ఇతడు హనోయి నగరంలో తయారుచేసి 2013లో విడుదల చేసిన "ఫ్లాపీ బర్డ్" కూడా ఒక్క తాకిడితో నడిచే ఆటయే. అది 2014 జనవరి నాటికి ఐఫోను ఉచిత ఆటల పట్టికలో అగ్రస్థానానికి చేరి, ప్రకటనల ద్వారా భారీ ఆదాయం తెచ్చింది. ప్రజలు దానికి వ్యసనపరులవుతున్నారన్న బాధతో అతడు 2014 ఫిబ్రవరిలో ఆ ఆటను స్వయంగా ఉపసంహరించుకున్నాడు. నియంత్రణ ఎంత సరళమైతే రూపకర్త బాధ్యత అంత తక్కువ అనుకోవడానికి వీలులేదని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతున్నాయి.

వికలాంగులకు ఉపయోగం

ఒక్క మీట ఆటలకు మరొక ప్రయోజనం కలదు. చేతులను స్వేచ్ఛగా కదపలేనివారు ఒక పెద్ద మీట, కాలితో నొక్కే తొక్కుడు మీట, తల కదలికతో పనిచేసే స్విచ్చి మొదలైన పరికరాలను వాడతారు. పది మీటలు అవసరమైన ఆటను ఇటువంటి పరికరంతో ఆడడం చాలా కష్టం. ఒక్క మీటతో నడిచే ఆటను ఎటువంటి మార్పు లేకుండానే ఆడవచ్చును. అయితే కానబాల్ట్ వేగం మీద ఆధారపడినది గనుక, నెమ్మదిగా స్పందించేవారికి ఇది సులభం కాదు. మీటల సంఖ్య తగ్గించడం, స్పందనకు సమయం ఇవ్వడం వేర్వేరు విషయాలు.

సంగ్రహాలయంలో స్థానం

2012 నవంబరులో న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయం 14 వీడియో ఆటలను సేకరించినట్లు ప్రకటించింది. ప్యాక్‌మాన్, టెట్రిస్, అనదర్ వరల్డ్, మిస్ట్, సిమ్‌సిటీ 2000, విబ్-రిబ్బన్, ది సిమ్స్, కటమారి డమాసీ, ఈవ్ ఆన్‌లైన్, డ్వార్ఫ్ ఫోర్ట్రెస్, పోర్టల్, ఫ్లో, పాసేజ్‌లతోపాటు కానబాల్ట్ ఆ జాబితాలో ఉన్నది. సంగ్రహాలయ నిర్వాహకులలో ఒకరైన పావోలా ఆంటొనెల్లి ఈ సేకరణకు నాయకత్వం వహించింది. ఆటగానిలో కలిగించే ప్రవర్తన, సౌందర్యం, స్థలం, కాలం అనే అంశాలను ఎంపికకు ప్రమాణాలుగా తీసుకున్నారు. వీడియో ఆటలు కళ కానేకావని కొందరు విమర్శకులు పత్రికలలో ఈ నిర్ణయాన్ని తప్పుపట్టారు. సంగ్రహాలయం వీటిని రూపకల్పన విభాగం క్రింద, మనిషికీ యంత్రానికీ మధ్య వ్యవహారానికి ఉదాహరణలుగా స్వీకరించింది.

పరిరక్షణ

ఇటువంటి కృతులను భద్రపరచడం చిత్రపటాన్ని భద్రపరచడం వంటిది కాదు. కానబాల్ట్ మొదటి రూపం ఫ్లాష్ మీద ఆధారపడినది. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31న ఫ్లాష్‌కు మద్దతును నిలిపివేసింది. 2021 జనవరి 12నుండి ఫ్లాష్ ప్లేయరు అటువంటి దస్త్రాలను నడపడం మానివేసింది. 1990లనుండి అంతర్జాలంలో పేరుకున్న వేలాది చిన్న ఆటలు ఒక్కసారిగా మూగబోయాయి. ఫ్లాష్‌పాయింట్ అనే స్వచ్ఛంద ప్రయత్నం, రఫుల్ అనే అనుకరణ ప్రోగ్రాము అటువంటి ఆటలను ఎన్నింటినో తిరిగి ఆడగలిగేటట్లు చేశాయి.

కానబాల్ట్ మాత్రం ఇతర యంత్రాలకు ముందుగానే మార్చబడి ఉండడం వలన, మూలసంకేతం అనేకుల చేతిలో ఉండడం వలన ఆ ప్రమాదం నుండి చాలావరకు తప్పించుకున్నది. పేరు లేకుండా, ఒక్క రూపంలోనే మిగిలిన ఇతర చిన్న ఆటలకు ఆ అవకాశం లేకపోయింది. చిన్న కృతికి దీర్ఘాయువు ఇచ్చేది కీర్తి ఒక్కటే కాదని, దానిని పంచుకున్న తీరు కూడా అని ఈ ఆట చరిత్ర వలన తెలుస్తున్నది.

ఇవి కూడా చూడండి

వీడియో ఆట
అడోబీ ఫ్లాష్
టెట్రిస్
ఫ్లాపీ బర్డ్
ఆధునిక కళా సంగ్రహాలయం (న్యూయార్క్)